తెలుగు నేర్చిన పాదిరి దొర



గడచిన శ్రావణమాసమున మా యక్కగారి కుమార్తె పైచదువులకై అమెరికా దేశమునకు ప్రయాణమయ్యెను. చిత్తూరినుండి బయలుదేరి మేమందరమును చెన్నపట్టణపు విమానాశ్రయమువరకు పోయి పిల్లను సాగనంపి వచ్చితిమి. తిరుగు త్రోవ పొడవునను మా యక్క కన్నులొత్తుకొనుచునే యుండెను. "భాష వేరు, తిండి వేరు, మనుష్యులు వేరు. అచ్చట నా బిడ్డ యెట్లు బ్రదుకును?" అన్న మాట తప్ప ఆమె నోట వేరుమాట లేదు. పిల్ల చేరిన చోటు ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరము.

మావారు తిరుపతిలో నొక పాఠశాలయందు ఉపాధ్యాయులు. పాత పుస్తకములన్న వారికి మిక్కిలి ప్రీతి. మేము తిరిగి వచ్చిన మరునాటి సాయంకాలము వారొక ఆంగ్లగ్రంథమును చేతబట్టుకొని వచ్చి, "ఒహాయోలో పెరిగి మన పలమనేరికి వచ్చిన యొక పడుచువాని కథ యిందున్నది, వినెదవా?" అనిరి. మా తండ్రిగారు నాకు ఇంటనే భారత భాగవతములును, వసుచరిత్రమును చెప్పిరిగాని నా యాంగ్లము అంతంతమాత్రమే. వారు చదివి యర్థము చెప్పుచుండగా నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచు వింటిని. నాలుగు సాయంకాలములు గడచెను. ఆ పుస్తకము పేరు 'ఇన్ ది టైగర్ జంగిల్', అనగా 'పులుల అడవిలో'. 1896లో అచ్చైనది. వ్రాసినవాడు జాకబ్ చేంబర్లేన్ అను మిషనరీ, మనవారి మాటలో పాదిరి దొర.

విన్నకొలదిని నాకు ఒకమారు కోపము వచ్చెను, ఒకమారు కన్నీరు వచ్చెను. రెండును ఒక్క మనుష్యుని గురించియే. పరదేశమునకు పోయి బ్రదుకుట యెట్లని మా యక్క యడిగిన ప్రశ్నకు కొంత జవాబును ఆ కథలోనే దొరికెను. అందుచేత మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఓడ ప్రయాణము

చేంబర్లేన్ 1835వ సంవత్సరము ఏప్రిలు నెలలో కనెక్టికట్ రాష్ట్రమందలి షారన్ అను నూరిలో జన్మించి, ఒహాయోలోని హడ్సన్ అను నూరిలో పెరిగెను. అచ్చటి వెస్టర్న్ రిజర్వ్ కళాశాలలో 1856లో పట్టము పొంది, తరువాత మతశాస్త్రమును, దానితోపాటు వైద్యమును నేర్చెను. 1859లో షార్లెట్ అను కన్యను వివాహమాడి, ఆ యేటి డిసెంబరులోనే ఆమెతో కూడ ఓడ యెక్కెను. సూయజ్ కాలువ త్రవ్వి నౌకలను విడిచినది 1869లో గదా! కావున ఆ దంపతులు ఆఫ్రికా ఖండమును చుట్టి, సుమారు నాలుగు నెలలు సముద్రముమీదనే గడపి, 1860 ఏప్రిలులో చెన్నపట్టణము చేరిరి.

ఆ కాలమున అమెరికానుండి మనకు వచ్చుచుండిన సరకు ఏమో తెలియునా? మంచుగడ్డలు! బోస్టను ప్రాంతపు చెరువులలో చలికాలమున గడ్డకట్టిన నీటిని కోసి, రంపపుపొట్టులో పొదిగి, ఓడలమీద చెన్నపట్టణమునకు పంపెడివారు. ఆ మంచును నిలువచేసిన కట్టడమే నేడు సముద్రతీరమున వివేకానందస్వామి పేర వెలయుచున్నది. మంచు కరగకుండ చేరుటయే యొక వింతయైన కాలమున ఇరువదియైదేండ్ల పడుచువాడును, అతని భార్యయు, చెన్నపట్టణపు ఏప్రిలు నెల యెండలో కాలు మోపిరి.

వారిని పంపిన సంఘము అమెరికాలోని రిఫార్ముడు క్రైస్తవసంఘము. దాని పక్షమున స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషను స్థాపించి యుండిరి. చిత్తూరు అప్పుడు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. మన చిత్తూరు జిల్లా యేర్పడినది 1911లో. ఆర్కాటు మిషను పని చాలవరకు తమిళమున జరుగుచుండెను. కనుమలకు పైనున్న తెలుగు సీమ క్రొత్తవాడైన చేంబర్లేనునకు వచ్చెను. మొగిలి కనుమ నెక్కి, దంపతులు పలమనేరు చేరిరి. నీలగిరులు ప్రసిద్ధికి రాకమునుపు ఆంగ్లేయోద్యోగులు వేసవికి చల్లదనము కోరి పలమనేరు వచ్చెడివారట. గాలి చల్లనిదేకాని, దొరకు అచ్చటి మాట యొక్కటియు తెలియదు.

శిష్యుడైన గురువు

బోధింపవచ్చినవాడు ముందు బడిపిల్లవాడు కావలసివచ్చెను. ఈ సంగతి నా మనసునకు మిక్కిలి పట్టినది. మతశాస్త్రమును, వైద్యమును ముగించి వచ్చిన పండితుడు పలమనేరులో కూర్చుండి, అయిదేండ్ల బిడ్డవలె అ ఆ లు దిద్దవలెను!

మన భాష పరదేశికి ఎంత కష్టమో మనకు తెలియదు. ఆంగ్లమున నొక్కమాటతో రాజును, బంటును, భార్యను, బిడ్డను సంబోధింపవచ్చును. మనకు నీవు, మీరు, తమరు అను భేదము తప్పిన మర్యాద తప్పును. తల్లి తోబుట్టువులైన పెద్దమ్మ పిన్నమ్మలకును, తండ్రి తోబుట్టువైన మేనత్తకును, మేనమామ భార్యకును ఆంగ్లమున నొక్కటే మాట. మన యింట నాలుగు దినములున్నగాని యెవరిని ఏమని పిలువవలెనో తెలియదు. ఇక కకార ఖకారముల భేదము, ద్విత్వములు, సంధులు! బ్రౌను దొరగారి తెలుగు నిఘంటువు 1852లోనే అచ్చై యుండినను, నిఘంటువు మాట నిచ్చునుగాని మాటాడు తీరును ఇయ్యజాలదు. అది వీథిలో, సంతలో, అరుగులమీద దొరకవలసినదే.

చేంబర్లేన్ మూడేండ్లలో ఆ చదువు చదివెను. 1863లో ఆయన మదనపల్లెకు మారెను. ఆ యేడే, నలుగురు స్వదేశీయులైన సహాయులను వెంటబెట్టుకొని, పుస్తకములును మందులపెట్టెయు తీసికొని, నైజాము రాజ్యముగుండ గోదావరీ తీరమువరకును, ఆ పైనున్న యడవిసీమలకును పోయి వచ్చెను. ఆ ప్రయాణము సుమారు 1,200 మైళ్ళు.

ఆ ప్రయాణమునందలి రెండు కథలు ఆయన పలుమారులు చెప్పుకొనినాడు. మొదటిది యిది. నైజాము సీమలో నొక ప్రాకారము గల పట్టణమున ఆయన సంతవీథిలో మాటాడబోగా, జనులు ఆగ్రహించి, రాళ్ళు చేతబట్టి చుట్టుముట్టిరి. దొర పారిపోలేదు, బెదిరింపలేదు. "నన్ను కొట్టదలచితిరేని కొట్టుడు. దానికి ముందు ఒక కథ చెప్పెదను, వినుడు. విన్న తరువాత మీ యిష్టము" అని తెలుగున వేడుకొనెను. కథ యనగనే మనవారు ఆగిరి. క్రీస్తు పుట్టుక మొదలు శిలువపై మరణమువరకు ఆయన చెప్పుచుండగా చేతులలోని రాళ్ళు జారిపోయెను. కొందరు కన్నీరు పెట్టుకొనిరి. తుదకు పుస్తకములు కొని, ఆయనను క్షేమముగ ఊరు దాటించిరి.

ఈ కథ విన్నప్పుడు నాకు సుందరకాండము తలపునకు వచ్చెను. అశోకవనమున శింశుపావృక్షముమీద కూర్చున్న హనుమంతుడు, సీతమ్మతో నేభాషలో మాటాడుదునాయని యెంత విచారించెను! పండితులవలె సంస్కృతమున పలికిన తల్లి తనను రావణుడని భ్రమించి భయపడునేమో యని, సామాన్యజనుల మాటలో మాటాడ నిశ్చయించెను. ఏమి చెప్పెను? వాదము చెప్పలేదు, ఉపదేశము చెప్పలేదు. రామకథను చెప్పెను. పరాయిచోట నిలిచిన దూతకు వినువారి భాషయు, ఒక కథయు, ఈ రెండే రక్షయని వాల్మీకి యెన్నడో చెప్పియుండగా, ఒహాయోలో పెరిగిన పడుచువాడు దానిని రాళ్ళగుంపు నడుమ తెలిసికొనెను.

రెండవ కథ పుస్తకమునకు పేరు తెచ్చినది. గోదావరి పొంగి యొడ్డులు దాటినది. చుట్టును పులులు తిరుగు అడవి. మూటలు మోయువారు ప్రాణభీతిచే విడిచి పారిపోవ యత్నించుచున్నారు. ముందున్న వాగు దాటశక్యము గాదని యెదురువచ్చినవారు చెప్పిరి. చీకటి పడుచున్నది. దొర దైవమును ప్రార్థించి, ఏటివైపు తిరుగవలెనని తనకు తోచినట్లు నడచెను. ఎగువనెచ్చటనో కట్టు తెగి కొట్టుకొనివచ్చిన పెద్ద బల్లకట్టుపడవ యొకటి ఆ యొడ్డుననే ఆగియుండెనట! రాత్రి యందరును అందులో తలదాచుకొని బ్రదికిరి. ఆయన దానిని దైవకృప యనెను. గజేంద్రుని మొర చదువుకొన్న మనము ఆ మాటను పరిహసింపలేము. ఆ యాత్రలో పట్టుకొన్న అడవిజ్వరము మాత్రము ఆయనను చాలకాలము విడువలేదు.

పాటయు, తేరును

మదనపల్లెలో కుదురుకొన్న పిదప ఆయన కనుగొన్న మరొక సంగతి, తెలుగువాడు నేర్చుకొనునది చెవితో ననియు, అందులోను రాగముతో ననియును. సంతలో కూలివాడు సైతము వేమన పద్యమును ఎత్తుకొనును. బసవన్న నాడించువాడు పాడును. దంపుచు, విసరుచు మనము పాడుదుము. ఇది తెలిసిన పిదప దొర తన ప్రసంగములలో వేమన పద్యములను చదువ మొదలిడెను. ఆ పద్యములలో కొన్నిటిని ఆంగ్లమున పద్యములుగా మార్చి తన దేశమువారికిని వినిపించెను.

తాను తెలిగించిన పాటను గురించి ఆయన వ్రాసికొన్న ముచ్చట చక్కనిది. అమెరికాలో చిన్నపిల్లలు పాడు క్రైస్తవగీతము 'జీసస్ లవ్స్ మీ' అనునది యొకటి గలదు. దానిని తెలుగు చేసి బడిలో పిల్లలకు నేర్పెను. కొలది దినములకు గుర్రముమీద బజారున పోవుచుండగా, ఒక బాలుడు ఆ పాటనే గొంతెత్తి పాడుచుండెను. వాడు క్రైస్తవుల బిడ్డ కాడు. ప్రక్కనున్నవాడు, "ఈ పాట యెచ్చట నేర్చితివి? ఇందులోని యేసు ఎవరు?" అని యడుగగా, బాలుడు తనకు తెలిసినంత చెప్పుచుండెను. దొర గుర్రము నాపి దూరమునుండియే విని, సంతోషించెను. తాను గంటసేపు ప్రసంగించిన చేరని చోటికి పాట తనంతట తాను నడచిపోయినది గదా! పిల్లల నోట పడిన పాటకు తలుపులు లేవని తల్లులమైన మనకు ఒకరు చెప్పవలెనా?

తేరును గురించియు ఆయన యొక చిన్న వ్యాసము వ్రాసెను. దాని పేరునకు 'చక్రములపై కొబ్బరికాయలు కొట్టుడు' అని యర్థము. మన రథోత్సవములలో తేరు కదలక మొరాయించినప్పుడు అర్చకులు ఏమి చేయుదురో మీరెరుగుదురు. చక్రములకడ కొబ్బరికాయలు కొట్టి, గోవిందా యని కేకవేసి, వడములు పట్టినవారందరును ఒక్కమారుగా లాగుదురు. తేరు కదలును. ఆయన ఆ విగ్రహమునకు మ్రొక్కినవాడు కాడు, ఆ పూజను మెచ్చినవాడును కాడు. అయినను ఆ దృశ్యమును మరువలేక, పని నిలిచిపోయినచో నిరాశపడక ఇట్లు చేయుడని తన సంఘమువారికి బుద్ధి చెప్పెను. మనవారి యుత్సవము అమెరికాలోని ప్రార్థనామందిరములకు పాఠమయ్యెను.

మందులపెట్టె

మదనపల్లెలో దొర పేరు ఇంటింట తెలిసినది మతబోధవలన గాదు, మందులవలన. అప్పటికి మన పల్లెలలో వాంతిభేదియు, మశూచియు వచ్చినప్పుడు గ్రామదేవతకు మ్రొక్కుటయు, నాటువైద్యుని పిలుచుటయు తప్ప వేరు దిక్కు లేదు. మందిచ్చుటకు ముందు బైబిలులోని కొంతభాగము చదివి వినిపించుట ఆయన నియమము. వినినను, మానినను మందు మాత్రము అందరికిని ఇచ్చెడివాడు. క్రమముగ మదనపల్లెలోను, పలమనేరులోను వైద్యశాలలు వెలసెను. ఒకమారు మదనపల్లెలో నొక సభలో బ్రాహ్మణపండితుడొకడు లేచి, ఈ దొర మనవారెవరును కాకున్నను మనకై యింత పాటుపడుటకు కారణమేమో విచారింపుడని తోడివారితో పలికినట్లు చేంబర్లేన్ గౌరవముతో వ్రాసికొనినాడు.

కాని సోదరీమణులారా, ఆ వైద్యశాలల తలుపులు మనకు సగమే తెరచియుండెను. పరపురుషుడు నాడి చూచుట కిష్టపడని కాలమది. ప్రసవవేదనలో స్త్రీ ప్రాణము పోయినను పురుషవైద్యుని లోనికి రానీయని యిండ్లు పెక్కు. ఈ చిక్కునే స్కడర్ వంశపు కన్య ఐడా కన్నులార చూచెను. ఆమె 1870లో రాణిపేటలో జన్మించినది. తిండివనమున ఒక్క రాత్రియందు ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత నొకరు వచ్చి, తమ భార్యల ప్రసవమునకు రమ్మని ఆమెను వేడిరి. తాను వైద్యురాలను గానని, తన తండ్రి వైద్యుడని చెప్పినను, పురుషుడు వలదని మువ్వురును వెనుదిరిగిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు తల్లులును మరణించిరి. ఆ రాత్రియే ఐడాను వైద్యవిద్యకు పంపెను. 1899లో పట్టము పొంది, 1900లో తిరిగివచ్చి, 1902లో వేలూరున ఆసుపత్రియు, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలయు స్థాపించెను. నేటికిని మన చిత్తూరు ప్రాంతమువారికి పెద్ద జబ్బు వచ్చినచో "వేలూరికి తీసికొనిపొండు" అనుట వాడుక.

మదనపల్లెకును అట్టి యదృష్టము కలిగెను. కెనడా దేశీయురాలైన డాక్టరు లూయీసా హార్ట్ ఆర్కాటు మిషనులో వైద్యురాలై వచ్చి, మదనపల్లెలో పనిచేసెను. అచ్చటి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో తెరువబడినది. క్షయరోగులకు ప్రత్యేకము చోటు కావలెనని 1912లో తాత్కాలికపు పాకలలో మొదలిడిన పని, 1915లో ఊరిబయటనున్న ఆరోగ్యవరమునకు మారి, దేశమంతటను పేరుపొందిన వైద్యశాల యయ్యెను. దానికి చిరకాలము పెద్దవైద్యుడుగా నుండినవాడు డెన్మార్కు దేశపు ఫ్రిమోట్ మొల్లర్ దొరగారు. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు మొదలైన తావులలో మదనపల్లె యొకటి. క్షయ యన్నచో యింటివారే పాత్రలు వేరుచేసి, పలుకుట మానిన దినములలో, ఆ కొండగాలిలో మంచముపై పరుండి కోలుకొన్న మన యక్కచెల్లెండ్రు ఎందరో!

నా కోపము

ఇంతవరకు చదివి, దొరను పొగడుటకే వ్రాసితినని మీరనుకొనవచ్చును. నాకు కోపము వచ్చెనని ముందే చెప్పితిని. ఆ పుస్తకమునిండ మనము అజ్ఞానులము, చీకటిలో నున్నవారము. మన తల్లులు వేకువనే లేచి కడపకు పసుపు పూసి, తులసికి నీరు పోసి, బిడ్డల క్షేమము కోరి చేయు పూజలో నొక్క వెలుగురేకయైన ఆయనకు కనబడలేదు. వేమనను చేతబట్టినాడు, మంచిదే. కాని విగ్రహములను నిందించిన వేమన మాత్రమే ఆయనకు కావలసెను. అన్ని మతములవారి డంబమును సమముగ కడిగివేసిన వేమన, లోపలి శివుని వెదకిన యోగియైన వేమన, ఆయనకు పనికిరాలేదు. ఆ పుస్తకములు అమెరికాలోని తన సంఘమువారికొరకు, వారి మనసు కరగి సాయము పంపుటకొరకు వ్రాసినవని తెలిసికొన్నచో కొంత సమాధానము కలుగునుగాని, బాధ పోదు.

ఈ బాధను వెలుగుగా మార్చుకొన్నవాడొకడు మన తిరుపతి వీథులలోనే తిరిగెను. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు బాల్యమున తిరుపతిలో జర్మను లూథరను మిషనువారి పాఠశాలలో చదివి, 1900 ప్రాంతమున వేలూరిలోని వూర్హీస్ కళాశాలలో చేరెను. ఆర్కాటు మిషనువారిదైన ఆ కళాశాలకు అధ్యక్షుడుగా నుండినవాడు మన చేంబర్లేన్ దొర కుమారుడు విలియం. హిందూమతముపై మిషనరీలు చేసిన విమర్శ తన యభిమానమును గాయపరచి, అందులో జీవమున్నదేదో, జడమైనదేదో పరిశోధింప పురికొల్పెనని రాధాకృష్ణులే తరువాత వ్రాసికొనిరి. ఆయన తిట్టినవారిని తిట్టలేదు. మన గ్రంథములను చదివి, వారి భాషలో, వారికి తెలియునట్లు చెప్పెను. ఆక్స్ఫర్డులో ఆచార్యుడై, 1962లో మన దేశమునకు రాష్ట్రపతి యయ్యెను. చేంబర్లేన్ వేమనను నేర్చి మనకు చెప్పినట్లే, రాధాకృష్ణులు వారి తత్త్వమును నేర్చి వారికి చెప్పిరి. కోపమునకు ఇంతకంటె మంచి యుపయోగము నాకు కనబడదు.

షార్లెట్ దొరసాని

ఇక, నాకు కన్నీరు వచ్చిన తావు. దొరగారి పుస్తకములో పులులున్నవి, పాములున్నవి, వరదలున్నవి. షార్లెట్ దొరసాని మాత్రము ఎచ్చటనో గాని కనబడదు. మావారిని రెండుమారులు అడిగితిని: "ఆమె యేమి చేయుచుండెనండి?" వారు పుటలు త్రిప్పి నవ్వి యూరకుండిరి.

దొర 1,200 మైళ్ళు తిరిగి వచ్చినప్పుడు ఇంట నున్నదెవరు? 1862లో చెన్నపట్టణమున పుట్టిన విలియం అప్పటికి చంకబిడ్డ. భర్త బ్రదికియున్నాడో లేడో తెలియుటకు తంతి లేని యడవులు. మాట తెలియని యూరిలో పాలవానితో, చాకలితో, మంత్రసానితో ఆమె యెట్లు మాటాడెనో! ఆమె నేర్చిన తెలుగు ప్రసంగములకు గాక పొయ్యికడను, ఉయ్యెలకడను పనికివచ్చిన తెలుగు. దానిని ఎవరును పుస్తకమున నెక్కింపలేదు. విలియమును, అతని తమ్ముడు లూయిసును చదువులకై అమెరికాలోని రట్గర్స్ కళాశాలకు పోయి, తిరిగి యీ మిషనుకే పనివారై వచ్చిరి. సముద్రమున కావలనున్న బిడ్డల జాబునకై వారములకొలది కాచుకొనియుండుట ఎట్టిదో ఆ తల్లికి తెలియును. మా యక్క కార్చిన కన్నీటిని ఆమె మదనపల్లెలో, నూటనలుబది యేండ్లకు పైబడిన కాలముననే, ఎదురుదిక్కున కార్చియుండును.

చేంబర్లేన్ 1873 మొదలు తెలుగు బైబిలును సంస్కరించు సంఘమునకు అధ్యక్షుడై పండితులతో కూర్చుండి యేండ్లతరబడి పనిచేసెను. తెలుగున నొక బైబిలు నిఘంటువును కూర్ప మొదలిడి, అది ముగియకుండగనే 1908 మార్చిలో మదనపల్లెలో మరణించెను. ఇరువదియైదేండ్ల వయస్సున అ ఆ లు దిద్దిన చేయి, డెబ్బదిరెండేండ్ల వయస్సువరకు తెలుగు మాటలను ఏరుచునే యుండెను.

ఈ కథను నేను మొన్న మా పిల్లకు ఫోనులో చెప్పితిని. అది మొదటి నెలలో, "పిన్నమ్మా, వీరి యాంగ్లము నేను చదివిన యాంగ్లము కాదు. నవ్వవలసినచోట నవ్వలేకున్నాను" అని బెంగటిల్లినది. "పలమనేరి దొర మూడేండ్లు బడిపిల్లవాడై యుండెనే, నీకు మూడు నెలలకే తొందరయా? వారి పాటలు విను. వారి పండుగలకు పొమ్ము. మన దేవుళ్ళను గురించి యెవరైన తెలియక మాటాడిన వెంటనే వాదింపవలదు, ఒక కథ చెప్పెదనని కూర్చుండబెట్టుము" అంటిని. హడ్సన్ ఊరు క్లీవ్‌లాండునకు దగ్గరనే యున్నది. ఆదివారమునాడు తోడివారితో పోయి, దొర చదివిన కళాశాలలో 1836 నాటి యిటుకల ప్రార్థనామందిరమును చూచి, ఛాయాచిత్రము తీసి పంపినది. అచ్చట నొక ముసలామె పలుకరింపగా, ఈ యూరి పిల్లవాడొకడు మా భాష నేర్చినాడని చెప్పినదట. ఆమె ఆశ్చర్యపడి, ఆ భాషలో నమస్కారమును ఏమందురని యడిగి, మూడుమారులు పలికి నేర్చుకొన్నదట.

ఆ ఛాయాచిత్రమును మా యక్కకు చూపితిని. చాలసేపు చూచెను. ఇప్పుడామె, నా బిడ్డ యెట్లు బ్రదుకునని యడుగుట మానినది. ఫోను మ్రోగగనే అడుగునది ఒక్కటే: "ఏమి తింటివే తల్లీ?"